కొలిచిన బియ్యంలో ముప్పై ఒక్క పిడికిళ్లు

2022 వానాకాలం. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద, టౌన్ దాటాక వచ్చే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ హాస్టల్లో నేను హెడ్ కుక్‌ని. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేరే వేరే భవనాలు, వేరే వేరే భోజనాల గదులు. మధ్యలో వంటశాల మాత్రం ఒకటే. అక్కడ నేను పూటకు రెండు వేల మందికి వండేవాణ్ణి.

రెండు వేలు కాదు, నూట పది. మా పనిలో దాన్ని 'స్ట్రెంత్' అంటారు, ఆ పూట తినేవాళ్ల లెక్క అన్నమాట. రాయడం మొదలుపెట్టగానే అంకె దానంతటదే ఉబ్బింది. యాభై ఏళ్లు వంటశాలల్లో గడిపిన చేతికి కొంచెం ఎక్కువ వేయడమే అలవాటు. నేను చెప్పే అంకెల్లో కొంత తరుగు తీసుకుని చదవండి. యాభై ఏళ్లు కూడా కాదు, నలభై నాలుగు.

అందులో ఎక్కువ భాగం బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గడిచింది. క్రషింగ్ సీజన్‌లో, అంటే చెరుకు ఆడే నెలల్లో, మూడు షిఫ్టులకూ పొయ్యి ఆరేది కాదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ హాస్టల్‌కు వచ్చాను. నా అన్నం గింజకు గింజ అంటదని పేరు. ఒకసారి కలెక్టర్ గారు తిని మారు పెట్టించుకున్నారని కొత్తగా చేరిన పిల్లలందరికీ చెప్పేవాణ్ణి. తిన్నది ఆయన డ్రైవర్. మారు పెట్టించుకున్నది మాత్రం నిజం.

పెద్ద వంట ఎలా జరుగుతుందో కొంచెం చెబితే తప్ప ఈ సంగతి అర్థం కాదు. మా దగ్గర అన్నం 'స్టీమ్ వెస్సెల్'లో ఉడుకుతుంది. బాయిలర్ నుంచి గొట్టంలో ఆవిరి వచ్చి ఆ పెద్ద పాత్రను వేడి చేస్తుంది. గంజి వార్చడం ఉండదు. పోసిన నీళ్లన్నీ బియ్యంలోనే ఇంకిపోవాలి. అందుకే అక్కడ వంటవాడి పనితనమంతా నీళ్ల లెక్కలోనే ఉంటుంది. పొద్దున తొమ్మిదికి పన్నెండు కిలోల బియ్యం కాంటా మీద తూచి, బేసిన్లలో పోసి, కడిగే అరుగు మీద పెట్టేవాణ్ణి. ఆ తర్వాత కూరల దగ్గరికి, బాయిలర్ దగ్గరికి పోయేవాణ్ణి. పన్నెండు కిలోలకు సరిపడా నీళ్లు అప్పుడే వెస్సెల్‌లో పోసి ఉంచేవాణ్ణి. అరుగు మీది బియ్యం కడిగి, నానబెట్టి, వెస్సెల్‌లో వేసే పని పోసవ్వది. సాయంత్రం ఐదుకు మళ్లీ ఇదే వరస. ఒకసారి తూచిన బియ్యాన్ని రెండోసారి చూసేవాణ్ణి కాదు.

పోసవ్వ అరవైకి దగ్గర పడిన మనిషి. కాలేజీ వెనక వాడలో ఇల్లు. ముందు బీడీలు చుట్టేది. ఆకు మీద వంగీ వంగీ నడుము పడిపోయిందని మా దగ్గర చేరింది. నాతో ఆరేళ్లు పనిచేసింది. బియ్యంలో రాయిని కంటితో కాదు, వేలితో పట్టేది. మాట తక్కువ.

ఆగస్టులో అన్నం మెత్తబడడం మొదలైంది. మొదటి వారం కాస్త తడి. రెండో వారం గింజలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మూడో వారానికి గరిటెతో ఎత్తితే గడ్డగా లేచింది. జక్రాన్‌పల్లి పిల్లవాడొకడు కంచం తలకిందులు చేసి అందరికీ చూపించాడు. అన్నం కిందపడలేదు.

"తాతా, జర తాపీ గూడ ఇయ్యరాదు? గోడ కట్టుకుంటం."

"గోడ కడితే మూడంతస్తులు నిలవడ్తది రా నా అన్నం. తిను."

పైకి అలా అన్నాను కానీ ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వార్డెన్ సుబ్బారావు గారు వచ్చారు. వాళ్ల తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొన్నాడు. మూడు తరాలైనా ఆయన మాటకు ఈ గాలి తగల్లేదు.

"ఏంటండీ మాస్టారూ ఇది? అన్నమంటారా, జావంటారా?"

"కొత్త బియ్యం సార్. నీళ్లు తాగుతలేవు."

"బియ్యం సంగతి నాకా చెప్తారు? నిరుటి పంటవి. అదే మిల్లు నుంచి మా ఇంటికీ వెళ్తాయి. మా ఆవిడ వండితే మల్లెపువ్వుల్లా ఉంటున్నాయి."

మల్లెపువ్వులన్న మాట నన్ను బాగా పొడిచింది. ఆ మధ్యాహ్నం అదే సంచిలోంచి కిలో బియ్యం తీసి, అదే లెక్కన నీళ్లు పోసి, చిన్న గిన్నెలో విడిగా వండాను. అన్నం పొడిపొడిగా వచ్చింది. అంటే తప్పు బియ్యంలో లేదు. బాయిలర్ మెకానిక్‌ను పిలిపించి ప్రెషర్ గేజ్, అంటే ఆవిరి ఎంత ఒత్తిడితో వస్తోందో చూపే ముల్లు, చూపించాను. ముల్లు సరిగానే ఉంది. కాంటా మీద తూకంరాళ్లు పెట్టి చూశాను, కాంటా కూడా సరిగానే ఉంది. నీళ్లు నేనే కొలుస్తాను కాబట్టి అక్కడ తప్పు జరిగే ప్రసక్తే లేదు.

ఇక మిగిలింది ఒకటే. నేను తూచిన బియ్యం మొత్తం వెస్సెల్‌లోకి చేరడం లేదు. కాంటాకూ వెస్సెల్‌కూ మధ్య ఉన్నది ఒకే మనిషి.

ఇక్కడ నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. నేను పోసవ్వను పక్కకు పిలిచి, నెమ్మదిగా, పెద్దమనిషిలా అడిగాను.

అలా అడగలేదు. బుధవారం పొద్దున, కూరలు తరిగే ఇద్దరు, రొట్టెలు చేసే ఒకామె, గిన్నెలు తోమే మనిషి అందరూ వింటుండగా, నేను వెస్సెల్ దగ్గర నిలబడి గట్టిగా అన్నాను.

"పోసవ్వా, మా బియ్యం మీ ఇంట్ల ఎంతమంది తింటున్నరే?"

ఆమె చేతులు బేసిన్‌లో ఉన్నాయి. తీసింది. కొంగుకు తుడుచుకుంది. నా వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఔననలేదు, కాదనలేదు. బదులు చెప్పని మనిషి తప్పు ఒప్పుకున్నట్టేనని నేను లెక్క కట్టుకున్నాను.

గురువారం పోసవ్వ రాలేదు. బియ్యం నేనే కడిగాను. అన్నం పొడిపొడిగా వచ్చింది. శుక్రవారమూ అంతే. ఇంతకన్నా రుజువేం కావాలి? సుబ్బారావు గారిని పిలిచి గరిటెతో అన్నం ఎత్తి జల్లి చూపించాను.

"సూసిండ్రా సార్? మనిషి పోయింది, ముద్ద పోయింది."

"పాపం, పెద్దావిడ. సరే, చేసేదేముంది? సోమవారం కొత్తమనిషిని పెట్టుకోండి. ఆఫీసులో ఆవిడ పేరు తీయిస్తాను."

ఈ తర్వాతి భాగాన్ని నేను పెళ్లిళ్లలో, చావుల్లో, బస్టాండ్‌లో చాలామందికి చెప్పాను. ఆ చెప్పడంలో నాకు అనుమానం తీరదు. స్తంభం చాటున మూడు రోజులు మాటు వేసి అసలు మనిషిని పట్టుకుంటాను. నిజానికి మాటు లేదు. మా వంటశాలలో స్తంభం కూడా లేదు. శనివారం పొద్దున అరుగు మీద కూర్చుని, నడుం పట్టేసి మూలుగుతూ బియ్యం కడగబోతున్నాను. ఒక అమ్మాయి చేతిలో గుడ్డసంచితో నేరుగా వచ్చి నా ముందు నిలబడింది.

పేరు ఎస్తేరు. బీఎస్సీ రెండో సంవత్సరం. గోదావరి ఒడ్డున మెండోర వాళ్ల ఊరు. మెథడిస్ట్ కుటుంబం, తల్లిదండ్రులు వ్యవసాయం చేస్తారు. చిన్నాన్న కూతురి పెళ్లని మంగళవారం సాయంత్రం ఊరికి పోయి, ఆ పొద్దున్నే తిరిగి వచ్చింది.

"అవ్వ లేదా తాతా?"

"లేదు. ఏం పని?"

"బియ్యం తీస్కుందామని."

"ఏ బియ్యం?"

"గివే. మా పిడికిళ్లు."

దొంగ ఇంత నింపాదిగా వచ్చి ఇంత మర్యాదగా అడుగుతుందా అనుకున్నాను. ఆమె నా ఎదురుగా కూర్చుని, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

వాళ్లలో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది. ఇంట్లో పూటపూటకూ వండేముందు ఇల్లాలు పిడికెడు బియ్యం దేవుని పేర పక్కకు తీస్తుంది. ఆదివారం చర్చికి తీసుకుపోతారు, లేనివాళ్లకు పంచుతారు. ఎస్తేరు వాళ్ల అమ్మ మనిషికొక పిడికిలి లెక్కన తీసేదట. కూతురు హాస్టల్‌కు వచ్చాక అమ్మ లెక్కలో ఒక పిడికిలి తగ్గింది.

"నా పిడికిలి గూడ నువ్వే తియ్యరాదే అమ్మా అన్న. 'నువ్వు తినేది ఆడ, తీసేది ఈడనా? తినేటికాడ్నే తియ్యాలె' అన్నది. ఇంటికాడ అమ్మ ప్రార్థన చేస్తే మేం ఆమెన్ అంటుంటిమి తాతా, గంతే. ఈడ అమ్మ లేదు గద. అన్నీ మేమే చెయ్యాలె."

జూలైలో తనొక్కదాని పిడికిలితో మొదలుపెట్టింది. తర్వాత గదిలో ఇద్దరు కలిశారు. ఆదివారం చర్చికి కలిసి నడిచే ముప్కాల్ పిల్లలు, ఆర్మూర్ వైపు పిల్లలు, మగపిల్లల హాస్టల్లో కొందరు ఒక్కొక్కరే చేరారు. ఆగస్టు మూడో వారానికి ముప్పై ఒక్కమంది. ఇంట్లోలాగే తీసే చేయి మాత్రం ఒకటే. అందరి పేరా ఎస్తేరే తీసేది. ఆమె పెళ్లికి పోయిన రోజుల్లో ఎవరూ తీయలేదు. నేను సుబ్బారావు గారికి చూపించిన పొడిపొడి అన్నం వెనకున్న రహస్యం అదే. ఆమె ఊళ్లో లేని బుధవారం అన్నం ఎలా వచ్చిందో నేను చూడనే లేదు. ఆ పూటంతా నేను చూసుకున్నది నా కోపాన్నే.

"ముప్పై ఒకటీ తియ్యి, సూస్త," అన్నాను.

ఒక్కో పేరు పెదవుల్లో అనుకుంటూ పిడికిలి మూసి బేసిన్‌లోంచి పళ్లెంలోకి తీసింది. పళ్లెం కాంటా మీద పెట్టాను. పళ్లెం బరువు తీసేస్తే కిలోన్నర. పన్నెండు కిలోలకు కొలిచిన నీళ్లు పదిన్నర కిలోలు తాగితే ముద్ద కాక ఏమవుతుంది?

"పిల్లా, గదేదో సంచిలకెల్లి తీస్కుంటే నా లెక్క తప్పకపోవు గద!"

"సంచిల ఉన్నయి కాలేజోళ్ల బియ్యం తాతా. గాడ తీస్తే దొంగతనం. నువ్వు కొలిచి ఈడ వెట్టినంక గివి మా కంచాలల్లకు వచ్చేటియి. ఈడ తీస్తే మా కడుపులకెల్లి తీసినట్టు. తీసినంత తక్కువనే తింటున్నం గద."

తక్కువే తింటున్నాం అన్న మాట దగ్గర ఆగి మళ్లీ లెక్క కట్టాను. కిలోన్నర బియ్యం తగ్గితే చివర తినేవాళ్లకు అన్నం చాలకూడదు. మూడు వారాల్లో ఒక్కరోజు కూడా చాలకుండా పోలేదు. పోసవ్వే ఎత్తుకుపోయి ఉంటే, చివరి పది పదిహేను మంది ఖాళీ కంచాలతో నా మీదికి వచ్చి ఉండేవాళ్లు. నలభై నాలుగేళ్ల అనుభవానికి ఆ ఒక్క లెక్క తట్టలేదు. బియ్యం కొలిచాను, ఆవిరి కొలిచాను, తిన్నవాళ్ల కంచాల వైపు మాత్రం చూడలేదు.

"అవ్వకు జరమొచ్చిందా?" అని అడిగింది ఎస్తేరు.

చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆమె సంచి కింద పెట్టేసింది.

"నీకు చెప్పే ఉంటది అనుకున్న తాతా. పా, వార్డెన్ సార్ తానికి పోదాం."

"ఆగు పిల్లా. నేను పోయి పోసవ్వను మెల్లగ తోల్కొస్త. వార్డెన్ దాకా ఎందుకు? వంటశాల సరుకు ముట్టినవని నీ హాస్టల్ సీటు తీసేస్తరు."

ఆమె మీద జాలితోనే ఈ మాట అన్నానని చాలా ఏళ్లు, అంటే రెండేళ్లు, చెప్పుకున్నాను. కానీ నా తెలివితక్కువతనం సుబ్బారావు గారి చెవిన పడకూడదన్నదే నా అసలు ఉద్దేశం.

"సీటు పోతే పోతది. అవ్వ పేరు పోయింది గద తాతా," అని ఆమె నడిచింది. నేను వెనక నడిచాను.

సుబ్బారావు గారు మొత్తం విన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముప్పై ఒక్కమందా! ఒక్కరైనా వచ్చి అడగాలనుకోలేదా అమ్మా?"

"మా తిండి మేము తగ్గించుకుంటున్నం అనుకున్నం సార్. అడగాలని తెల్వలే. తప్పే. నన్నేమన్నా చెయ్యుండ్రి. అవ్వ పేరు మాత్రం తియ్యకుండ్రి."

"రూల్ ప్రకారం సరుకు దగ్గరికి స్టూడెంట్స్ రాకూడదు. తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, బియ్యం కడగకముందే నీళ్లు ఎందుకు పోస్తున్నారు మీరు?"

"అలవాటు సార్."

"ఆ అలవాటేదో మార్చుకోండి. అమ్మాయి తీసుకున్నాక, మిగిలింది మళ్లీ తూచి, అప్పుడు పోయండి. మీరు దగ్గరుండి తీయించండి, అప్పుడు రూలూ ఉంటుంది." కళ్లజోడు పెట్టుకున్నారు. "ఇక ఆ పెద్దావిణ్ణి తీసుకురావలసింది నేను కాదు. మీరు."

ఈ ఉపాయం నాదేనని నేను చెప్పుకోని చోటు జిల్లాలో లేదు. ఇప్పుడు రాసేశాను కాబట్టి ఇక చెప్పుకోవడానికి వీల్లేదు.

పోసవ్వ ఇంటి ముందు కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మళ్లీ బీడీలకు కూర్చుంది. నడుము వెనక దిండు పెట్టుకుంది. నన్ను చూసి చుట్టడం ఆపలేదు.

"పోసవ్వా, నాకు తెల్వక..."

"ఏం తెల్వదు? ఆరేండ్ల సంది నేను తెల్వనా?"

"గా పిల్ల తీస్తున్నదని ఒక్క మాట చెప్తే అయిపోవు గదనే."

"వాళ్ల నోటికాడి బియ్యం వాళ్లు తీస్కుంటుంటే నీకు చెప్పేదేముందన్నా? నువ్వడిగితే చెప్తుంటి. నువ్వు అడుగలే. అన్నవ్."

ఆమె ఒక బీడీకి దారం చుట్టి పక్కన వేసింది.

"గా మాట పడ్డంక చెప్తే ఏమైతుండె? గా పిల్లను గూడ గట్లనే అంటుంటివి."

"తప్పైంది. రేపటి సంది రా."

"ఈడ అంటే ఎవరు ఇంటరు? నా కోడలు ఇంటది, గంతే. యాడ అన్నవో గాడనే అను. అందరుండాలె."

"అంట."

"సూస్త."

ఆదివారం పొద్దున పోసవ్వ వచ్చింది. లోపలికి రాలేదు, గడప బయట నిలబడింది. కూరల వాళ్లిద్దరూ, రొట్టెలామె, గిన్నెల మనిషి ఎవరి పనిలో వాళ్లున్నారు. చర్చికి తయారైన ఎస్తేరు కూడా సంచితో వచ్చి ఒక పక్కన నిలుచుంది. పెద్ద వంటశాలలో బాయిలర్ చప్పుడు మీద కూడా వినిపించేంత గొంతు నాది. ఆ రోజు నిండుగా, గంభీరంగా క్షమాపణ చెప్పాను.

చెప్పలేదు. నోరు తెరిస్తే గొంతు లేదు. "పోసవ్వ బియ్యం తియ్యలే" అన్నాను. కూరలవాడు "ఆఁ? ఏందన్నా?" అన్నాడు. బాయిలర్ ఆపి, మళ్లీ అన్నాను. "పోసవ్వ ఏం తియ్యలే. తెల్వక నేను అన్న. తప్పు నాది." రొట్టెలామె పిండి పిసకడం ఆపి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

పోసవ్వ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. బేసిన్ ముందు కూర్చుని ఎస్తేరుతో, "తియ్యి బిడ్డా, జల్ది తియ్యి. గుడికి పోవాలె గద," అంది. ముప్పై ఒక్క పిడికిళ్లు అయ్యాక మిగిలిన బియ్యం తూచాను. అప్పుడు నీళ్లు కొలిచాను.

నేను పని మానేసేదాకా ఆ పద్ధతే నడిచింది. ఎస్తేరు చదువు పూర్తిచేసుకుని వెళ్లాక ముప్కాల్ అమ్మాయి ఒకతె తీసేది. పిడికిళ్లు ఒక్కో ఏడు పెరిగేవి, ఒక్కో ఏడు తగ్గేవి. అన్నం మాత్రం మళ్లీ ముద్ద కాలేదు.

వంటపనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు పనికొచ్చేది ఒకటే: నీళ్లు ఆఖరున కొలవండి. అన్నం చెడితే ముందు చివరి కంచం చూడండి, ఆ తర్వాత గిన్నె చూడండి. మనుషుల మీదికి పోవలసిన అవసరం చాలాసార్లు రానే రాదు. ఆ రోజు నుంచీ ఎవరినైనా సరే ముందు అడుగుతాను, అడిగాకే అంటాను.

ఇది కూడా పూర్తిగా నిజం కాదు. నోరు ఇప్పటికీ ముందే లేస్తుంది. ఇదివరకు పూర్తయ్యేదాకా ఆగేది కాదు. ఇప్పుడు సగంలో పోసవ్వ చేతులు తుడుచుకుంటూ కనిపిస్తుంది. మిగతా సగాన్ని మింగి, అప్పుడు అడుగుతాను.